కుక్క ఎక్కే కారు: ముందు కొక్కెం, తర్వాతే కవరు

కుక్కను కారులో తిప్పేవాళ్ళలో ఎక్కువమంది మొదట కొనేది సీటు కవరు. రెండు మూడు వేలు పోసి కవరు వేయిస్తారు, కుక్కను మాత్రం దాని మీద విడిగా కూర్చోబెడతారు. ఈ వరస తిరగబడాలి. సీటు చిరిగితే మళ్ళీ కుట్టించుకోవచ్చు. ములుగు రోడ్డు మీద వడ్ల కుప్ప తప్పించబోయి ట్రాక్టరు ఒక్కసారిగా అడ్డం వస్తే, వెనక విడిగా ఉన్న కుక్క ఏమవుతుందనేది ముందు తేల్చుకోవాలి.

లెక్క చిన్నదే. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న బండి దేనికో గుద్దుకుంది, కుక్క అరమీటరు దూరంలో ఆగింది అనుకుందాం. 20 కిలోల కుక్కను ఆపడానికి దాదాపు 390 కిలోల బరువుతో సమానమైన బలం కావాలి. 30 కిలోల లాబ్రడార్‌కైతే 590. ఆ బలాన్ని హార్నెస్ (కుక్క రొమ్ముకు, భుజాలకు తొడిగే పట్టీల కట్టు), దాని కుట్టు, కొక్కెం, కారులో అది తగిలించిన చోటు, నాలుగూ మోయాలి. మూడు ఉక్కులా ఉండి ఒకటి తెగినా కట్టనట్టే లెక్క.

గుద్దుకోవడం దాకా పోనక్కర్లేదు. మన దిక్కు వానాకాలం పంట కోతలప్పుడు, మళ్ళీ యాసంగి కోతలప్పుడు, ఊరి రోడ్లు సగం దాకా వడ్ల కింద పోతాయి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు ఏడాది పొడుగునా ఉండనే ఉంటాయి. ఉన్నట్టుండి బ్రేకు కొట్టడం ఇక్కడ రోజువారీ సంగతి. కట్టని కుక్క ప్రతిసారీ సీటు మీంచి కాళ్ళ సందులో పడుతుంది. నాలుగైదుసార్లు పడిందంటే కారు ఎక్కనని మొండికేస్తుంది. చాలామంది దాన్ని కుక్క పిరికితనం అనుకుంటారు, నిజానికి అది పడిన దెబ్బలు మరిచిపోలేదు.

హార్నెస్, కొక్కెం

మెడపట్టీకి బెల్టు కట్టడం అసలు చేయకూడని పని. బ్రేకు పడగానే బరువంతా గొంతు మీద, మెడపూసల మీద పడుతుంది. పడాల్సింది రొమ్ము ఎముక మీద, పక్కటెముకల మీద. అందుకని రొమ్ము దగ్గర అరచేయంత వెడల్పు మెత్త ఉండి, భుజాల మీదుగా, ముందుకాళ్ళ వెనకగా పట్టీలు తిరిగే హార్నెస్ కావాలి. పొద్దున తిప్పడానికి వాడేవి చాలావరకు దీనికి పనికిరావు. వాటిలో బరువు చివరికి వచ్చి ఆగేది ప్లాస్టిక్ బకిల్ నాలుకల మీద. కొనేముందు వీపు మీది రింగు పట్టుకుని పట్టీ వెంట వేలు పోనివ్వండి. పట్టీ తెగకుండా రొమ్ము దాకా వస్తే మంచిది, దారిలో ప్లాస్టిక్ బకిల్ తగిలితే వద్దు.

డబ్బా మీద ‘క్రాష్ టెస్టెడ్’ అని రాసి ఉంటే ఎవరు పరీక్షించారో, ఎన్ని కిలోల బొమ్మతో పరీక్షించారో కూడా ఉందేమో చూడండి. అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ హార్నెస్‌లను, క్రేట్లను (కుక్కను ఉంచి తీసుకెళ్ళే పెట్టెలను) అలా పరీక్షించి నెగ్గినవాటికి సర్టిఫికెట్ ఇస్తుంది. వివరం లేని ముద్రను నమ్మి డబ్బు పెట్టకండి.

పట్టీలు కుట్టించుకునేవాళ్ళు సీటు బెల్టుకు వాడే 48 మి.మీ. పాలిస్టర్ పట్టీ తీసుకోండి. మంచానికి అల్లే నూలు నవారు ఎంత మందంగా కనిపించినా ఉచ్చకు, చెమ్మకు లోపల్లోపల గుల్లవుతుంది. పాత కార్ల బెల్టు కూడా వద్దు. ఎండకు వెలిసిన బెల్టు, ఒకసారి ప్రమాదంలో సాగిన బెల్టు చూడటానికి బాగానే ఉంటాయి, బలం మాత్రం పోయి ఉంటుంది. రెండు కొసలు కలిపేచోట కనీసం 8 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వేసి, చుట్టూ చదరంగా, లోపల ఇంటూ గుర్తులా కుట్టించాలి. దారం నైలాన్‌దో పాలిస్టర్‌దో అయి ఉండాలి. నూలు దారమైతే పట్టీకి ముందు కుట్టే కుళ్ళుతుంది.

ఇక కొక్కెం. చవక బెల్టులతో వచ్చే మెరిసే కొక్కెం ఒకటి విరిచి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. పైన అద్దంలా పూత, లోపల బూడిదరంగు గరుకు. విరిగినచోట వంగిన ఆనవాలే ఉండదు, సుద్దముక్కలా పుటుక్కుమంటుంది. అది జింకు పోత. ఉక్కు అయితే తెగేముందు వంగుతుంది, సాగుతుంది, మనకు కనిపిస్తుంది. కొండలెక్కేవాళ్ళు వాడే, మర తిప్పి మూసే కొక్కెం, కారబినర్ అంటారు, అది తెచ్చుకోండి. దాని ఒంటి మీద 22 కిలోన్యూటన్లనో అంతకు పైమాటో చెక్కి ఉంటుంది, అంటే 2 టన్నులకు పైనే. తాళంచేతులకు తగిలించే రంగురంగుల కారబినర్లు దీనికి పనికిరావు.

సాగే రబ్బరు పట్టీల జోలికి పోకండి. కుదుపు తగ్గిస్తుందని అమ్ముతారు. సాగినంతసేపు కుక్క ముందుకు పోతూనే ఉంటుంది, చివర్లో ముందు సీటుకు కొట్టుకుంటుంది, లేదంటే అదే వేగంతో వెనక్కి లాగబడుతుంది.

ఎక్కడ తగిలించాలి, ఎంత పొడవు

మూడు దారులున్నాయి. ఒకటి, కారు బెల్టు బకిల్‌లో గుచ్చే నాలుక ఉన్న పట్టీ. సులువుగా దొరుకుతుంది, కానీ కుక్క కాలు ఎర్ర బటన్ మీద పడితే చాలు, ఊడిపోతుంది. దీన్నే వాడాల్సివస్తే బకిల్ కవరు కిందికి పోయేలా అమర్చుకోండి.

రెండోది, కారు బెల్టునే హార్నెస్ వీపు మీది వంకీలోంచి పోనిచ్చి బిగించడం. బలం ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, మన కార్లలో చాలావాటి బెల్టు కుదుపు వచ్చినప్పుడే లాక్ అవుతుంది, మిగతా సమయంలో లాగినకొద్దీ వస్తుంది. కుక్క రెండు చుట్లు తిరిగి కాళ్ళకు చుట్టుకుంటుంది. బెల్టును ఒకచోట బిగించి ఉంచే ఉక్కు క్లిప్పు వేస్తే ఆగుతుంది.

మూడోది ఐసోఫిక్స్, నాకు అన్నిటికంటే నచ్చేది. పసిపిల్లల సీటు బిగించడానికి వెనక సీటు సందులో వేలు పెడితే తగిలే 6 మి.మీ. ఉక్కు కడ్డీలు అవి. బండి చట్రానికే వెల్డింగ్ చేసి ఉంటాయి. కారబినర్‌ను నేరుగా కడ్డీకి తగిలించవచ్చు. పసిపిల్లలకు కూడా సీటు, బిడ్డ కలిపి 33 కిలోల వరకే వీటిని వాడమంటారు. అంతకు మించిన కుక్కకు కారు బెల్టే మేలు.

పొడవు దగ్గర జాలి పనికిరాదు. కుక్క కూర్చోవాలి, పడుకోవాలి, అంతే. ముందు సీట్ల మధ్యకు తల పెట్టగలిగితే పట్టీ పొడవైనట్టే. 20–25 కిలోల కుక్కకు కడ్డీ నుంచి వీపు రింగు దాకా సుమారు 25–30 సెం.మీ. సరిపోతుంది. పట్టీ వదులుగా ఉన్నకొద్దీ, అది బిగుసుకునేలోపు కుక్క అంత వేగం అందుకుంటుంది.

దీన్ని కుక్కతో కాకుండా బియ్యం సంచితో పరీక్షించండి. 25 కిలోల సంచికి హార్నెస్ తొడిగి, సీట్లో తగిలించి, ఖాళీ మైదానంలో 20 కి.మీ. వేగంతో పోతూ గట్టిగా బ్రేకు కొట్టండి. సంచి ఎంత ముందుకొచ్చిందో, ఎటు ఒరిగిందో, కవరు ఎక్కడ జారిందో తెలుస్తుంది. పొడవు సరిచేసుకోవడానికి మాత్రమే ఇది. ఆ బ్రేకుకు కొక్కెం మీద పడేది ఇరవై కిలోల బలమే, కాబట్టి సంచి ఆగింది కదా అని కొక్కెం గట్టిదని అనుకోవద్దు.

ముందు సీట్లో కుక్క వద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దెబ్బ మనిషి ఛాతీ ఎత్తుకు లెక్కగట్టింది, కుక్కకు అది మొహం మీద పడుతుంది. ఒళ్ళో పెట్టుకుని నడపడం ఇంకా ఘోరం. డ్రైవరు అదుపుకు అడ్డొచ్చేలా ఎవరినీ, దేన్నీ ఉంచకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 125వ సెక్షనే చెబుతోంది. వెనక తలుపులకు చైల్డ్ లాక్, అద్దాలకు విండో లాక్ ప్రతిసారీ వేయండి. అద్దం బటన్ మీద కాలు పెట్టి తల బయటపెట్టిన కుక్కే మళ్ళీ కాలు పెట్టి మెడ నొక్కుకోగలదు.

కాళ్ళ సందు పూడ్చడం

వెనక సీటుకు, ముందు సీటుకు మధ్య గుంతను నింపితే కుక్కకు సగం భయం పోతుంది. చాలామంది 12 మి.మీ. ప్లైవుడ్ చెక్క పరుస్తారు. చెక్క గట్టిదే, కానీ కట్టని చెక్క ప్రమాదంలో తానే ఎగురుతుంది. పరుపుల షాపుల్లో దొరికే రీబాండెడ్ ఫోము, ముక్కలు ముక్కలుగా అతికినట్టు కనిపించే గట్టి రకం, ఇంతకంటే నయం. హాక్సా బ్లేడుతో కోసుకోవచ్చు. నేల మధ్యలో ఉబ్బు ఉంటుంది కాబట్టి కుడికొకటి, ఎడమకొకటి, రెండు దిమ్మెలు చేయించండి. ఎత్తు సీటు అంచుకు సమానంగానో, ఒక సెంటీమీటరు తక్కువగానో ఉండాలి. ఎక్కువైతే కుక్క ముందుకు ఎక్కి కూర్చుంటుంది.

రెండు జాగ్రత్తలు. ముందు సీటు కింద వెనక్కి గాలి వదిలే గొట్టం ఉంటే దిమ్మెకు అక్కడ గాడి తీయండి. మధ్య కన్సోల్ చివర ఏసీ గాలి వచ్చే కిటికీని మూయకండి. ఊయలలా వేలాడే హామక్ కవర్లు చాలావరకు ఇక్కడే దెబ్బ కొడతాయి. ముందు మనకు చల్లగానే ఉంటుంది, వెనక కుక్క రొప్పుతుంటుంది. మధ్యలో జాలీ ఉన్న హామక్ అయితేనే తీసుకోండి.

మూడు పొరలు

మన్నిక అంతా పొరల్లో ఉంది. కింద జారనిది, మధ్యలో తడి ఆపేది, పైన ఉతికేది. మూడు పనులూ ఒక్కటే గుడ్డతో చేయించబోతేనే కవర్లు పాడవుతాయి.

రెక్సిన్ ఒక్కటే వేయించుకున్నవాళ్ళ సీటు రెండు వేసవులయ్యాక దగ్గరగా చూడండి. పైపింగ్ వెంట సన్నటి తెల్లగీతలు మొదలవుతాయి. గోరు తగిలినచోట గీత నోరు తెరుస్తుంది, లోంచి పసుపు ఫోము కనిపిస్తుంది. ఎండకు రెక్సిన్‌లోని మెత్తదనం ఇచ్చే నూనె ఆవిరై, అది పెళుసవుతుంది. పైగా కుట్టు రంధ్రాల్లోంచి ఉచ్చ నేరుగా ఫోములోకి దిగుతుంది. పైన తుడిస్తే శుభ్రంగా కనిపిస్తుంది, వాసన మాత్రం పోదు. ఎండలో కాగిన రెక్సిన్ మీద కుక్క పొట్ట ఆనించలేదు కూడా. నీలం టార్పాలిన్ ఇంకా అన్యాయం: జారుతుంది, చప్పుడు చేస్తుంది, గోరు దిగినచోటల్లా చిల్లి.

పైపొరకు వరంగల్‌లో ఉన్నవాళ్ళు దూరం పోనక్కర్లేదు. కొత్తవాడ జంపఖానాకు మించిన పైపొర నాకు తెలియదు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఇవే. దట్టంగా నేసిన నూలు కాబట్టి గోరు జారదు, దిగదు, చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకు కాలదు. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉన్నది తీసుకోండి. సీటు వీపు సుమారు 60 సెం.మీ., కూర్చునే భాగం 50, పూడ్చిన సందు 30, ముందు సీటు వీపు మీదికి 40, మొత్తం 180. ఆరడుగులంటే 183. చిన్న కార్లకు ఇది అచ్చంగా సరిపోతుంది. వేలితో నొక్కి చూసి, దారాలు విడిపోనిదే ఏరుకోండి. పలచగా నేసినదాన్ని గోరు లాగి పోగులు తీస్తుంది. అంచున కుచ్చులు ఉంటే కత్తిరించి మడిచి కుట్టించండి, కుక్కలు వాటిని నమిలి మింగుతాయి. నాలుగు మూలలా ఇత్తడి ఐలెట్లు వేయించి, తలదిండు కడ్డీలకు పట్టీలతో కట్టాలి. ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు వేయడానికి రెండోది తప్పనిసరి, ఎందుకంటే ఇది వానల్లో రెండు రోజులకు గానీ ఆరదు. మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతకండి, రంగు దిగుతుంది.

మధ్యపొరకు స్కూలు బ్యాగులు కుట్టే, వెనకవైపు పూత ఉన్న 600డి (డెనియర్, అంటే దారం మందం) గుడ్డ 2 మీటర్లు చాలు. దీని మధ్యలో కుట్టు పడకూడదు. ఒకే ముక్కగా పరిచి, చుట్టూ 5 సెం.మీ. అంచు పైకి నిలబెట్టి తాంబాళంలా చేయించండి. 25 కిలోల కుక్క ఒక్కసారి పోస్తే గ్లాసుడుకు పైనే ఉంటుంది, అంచు లేకపోతే అదంతా సీటు సందులోకే. బకిళ్ళకు, ఐసోఫిక్స్ కడ్డీలకు పెట్టే 6 సెం.మీ. చీలికలు తడి చేరే మడతలో కాకుండా, దానికి కాస్త పైన, సీటు వీపు మొదట్లో రావాలి.

అడుగుపొర వంటింటి అరల్లో వేసే రబ్బరు జాలీ షీటు. పొరలు మూడూ ముందుకు జరక్కుండా, గుడ్డ చుట్టిన అంగుళం పీవీసీ పైపును సీటు, వీపు కలిసే సందులోకి కవరుతో సహా నొక్కేయండి.

కుట్టేవాళ్ళకు ముందే చెప్పాల్సిన మాట: ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే ఆ వైపు కవరు మూసి కుట్టకూడదు. తలుపు పైన చేత్తో పట్టుకునే పిడికి ఏదీ వేలాడదీయకూడదు, పక్క అద్దాల మీదికి దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది అక్కడినుంచే. కుక్క ముందుకు దాటకుండా జాలీ తడికె బిగించాలని నేలకు రంధ్రాలు చేయించకండి. చాలా కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

ఎంత మంచి గుడ్డ వేసినా పెరిగిన గోళ్ళ ముందు నిలవదు. ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందు గోళ్ళు కత్తిరించాలి. అదే రోజు కత్తిరిస్తే అంచులు పదునుగా ఉండి ఇంకా గీస్తాయి.

తలుపుల లోపలివైపు గీతలకు, అద్దానికీ లోపలి రబ్బరుకూ మధ్య దూరే ప్లాస్టిక్ నాలుకలున్న కవరు వాడండి. అంటించే వెల్‌క్రో, రెండువైపులా జిగురున్న టేపు మే నెలలో కారి, ఊడి, తలుపు మీద నల్లటి బంక మిగులుస్తాయి. నేలకు అంచులు లేచిన రబ్బరు ట్రేలు మేలు. మొత్తం నేలకు అతికించే మ్యాటింగ్ కింద చేరిన నీళ్ళు ఆరవు. బూజు, తర్వాత తుప్పు.

డిక్కీలో క్రేటు పెట్టేవాళ్ళు దాన్ని నేలలోని ఉక్కు వంకీలకు, పిడి ఆడిస్తే బిగుసుకునే రాచెట్ పట్టీలతో నాలుగువైపులా కట్టాలి. కుక్క నిలబడి, తిరిగి, పడుకోగలిగినంత క్రేటు చాలు, పెద్దదైతే లోపలే కొట్టుకుంటుంది. సెడాన్ మూసిన డిక్కీలో ఎంత దగ్గరికైనా కుక్కను పెట్టకూడదు. ముసలి కుక్కకు ర్యాంపు కావాలి. 65 సెం.మీ. ఎత్తు డిక్కీకి 5 అడుగుల ర్యాంపు పెడితే వాలు 25 డిగ్రీలు, అంతకు మించకూడదు. 6 అడుగులైతే 21. పైన కొబ్బరిపీచు పట్టా బిగించండి.

ఎండ

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. ఎండలో ఆపిన కారులో మొదటి పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు, అరగంటలో 19 డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దం రెండు వేళ్ళ సందు దించడం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2. అది 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి టీ తాగివచ్చేంతసేపైనా బండిలో వదలొద్దు. ఇంజన్, ఏసీ ఆన్‌లో పెట్టి వదలడం కూడా నమ్మదగ్గది కాదు, ఇంజన్ ఆగిపోయినా, కాలు తగిలి ఏసీ ఆగినా మనకు తెలియదు.

అద్దాలకు నల్ల ఫిల్ము అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. ఆపినప్పుడు వెండిపూత షేడు పెట్టి, కదిలేముందు తీసేయండి. కుక్కను ఎక్కించేముందు రెండు నిమిషాలు తలుపులన్నీ తెరిచి, బెల్టు ఇనుప భాగాలు, హార్నెస్ రింగులు చేత్తో తాకి చూడండి. చేయి పెట్టలేకపోతే దాని పొట్టకూ అంతే. హన్మకొండ నుంచి హైదరాబాద్ 145 కి.మీ.కి మధ్యలో ఒక్కసారైనా నీడలో ఆపి నీళ్ళు పట్టించాలి. తిండి మూడు నాలుగు గంటల ముందే, అదీ కొంచెమే.

ఆగకుండా రొప్పడం, జిగురు చొంగ, ఎర్రగా కందిన చిగుళ్ళు, తూలడం కనిపిస్తే వెంటనే నీడకు తెచ్చి మామూలు చల్లటి నీళ్ళు ఒళ్ళంతా పోస్తూ గాలి తగలనివ్వండి. డాక్టరు దగ్గరికి బయలుదేరడం ఆ తర్వాత, దారిలోనూ ఏసీ వేసి.

వాసన, బొచ్చు, గోమార్లు

ఉచ్చకు ఫినాయిల్, అమోనియా కలిసిన ద్రావణాలు వాడొద్దు. ఫినాయిల్ నాకితే విషం, అమోనియా వాసన ఉచ్చలాగే ఉండి మళ్ళీ అక్కడే పోయిస్తుంది. వాసన కోసం కారులో పెట్టే కలరా ఉండలు, కర్పూరం కూడా కుక్కకు విషమే, ముందు వాటిని తీసేయండి. తడిని గుడ్డతో అద్ది, ఎంజైమ్ క్లీనర్ (ఉచ్చలో వాసన పుట్టించేవాటిని విరగ్గొట్టే ద్రావణం) పోసి, అది ఉచ్చ దిగినంత లోతుకు దిగేలా తడిపి, తనంతట ఆరనివ్వాలి. తొందరపడి పైపైన తుడిస్తే ఫలితం ఉండదు. మిగిలిన వాసనకు తినే సోడా చల్లి, రాత్రంతా ఉంచి, వాక్యూమ్ చేయండి. నల్లరేగడి బురదను తడిమీద తుడవొద్దు, ఎండనిచ్చి బ్రష్‌తో దులిపితే రాలిపోతుంది. బొచ్చుకు తడిపిన రబ్బరు గ్లౌజు చేత్తో ఒకేవైపు రుద్దండి, ఉండలు కడుతుంది.

గోమార్లు, అంటే పిడుదులు, సీటు కుట్ల సందుల్లో దాక్కుంటాయి. కుక్కకు మందు వేసి కారును వదిలేస్తే వారంలో మళ్ళీ ఎక్కుతాయి. సందు సందునా సన్నమూతి పెట్టి వాక్యూమ్ చేయండి. సంచిలో చేరిన చెత్తను బండి పక్కనే దులపకుండా ప్లాస్టిక్ కవరులో ముడివేసి పారేయండి. జంపఖానాను 60 డిగ్రీల వేడినీళ్ళలో నానబెట్టి ఉతకండి. గుడ్లు పొదిగి కొత్తవి బయటికి వస్తూనే ఉంటాయి కాబట్టి ఇదంతా వారానికోసారి, కనీసం రెండు నెలలు.